కల, కళ

వడపళని, చెన్నై

అమ్మాయ్,

నీ కథ నిన్న రాత్రే చదివాను. బాగుంది. కానీ రెండో పేజీలో "తాతయ్య పోయాక అమ్మమ్మ మొహంలో కల లేదు" అన్నావు చూడు, అక్కడ నిజంగా ఆగిపోయాను. కల లేని మొహం! ఈ పిల్ల ఎంత మాట అనేసింది అనుకున్నా. తీరా నాలుగో పేజీకొచ్చేసరికి "పెళ్ళికల", ఆ కిందనే "అరవై నాలుగు కలలు", ఇంకాస్త కిందికెళ్తే "పండక్కి ఇల్లు కలకలలాడింది". ఒళ్ళు మండిపోయింది. ఇల్లు కళకళలాడితే పండగ, కలకలం రేగితే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు.

నిద్రలో వచ్చేది కల. మొహంలో ఉండేదీ, నాట్యంలో ఉండేదీ, చంద్రుడికి రోజుకొకటి చొప్పున పెరిగేదీ కళ. సంస్కృతంలో అది 'కలా'యే, మనం తెచ్చుకుని ళ చేసుకున్నాం.

ఫోన్లో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ; ఆ మాత్రానికి బద్ధకమా? పైగా "చెన్నైలో పెరిగాను, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే" అని సంజాయిషీ ఒకటి. ఇక్కడ పెరిగినదానివి నీకే బాగా తెలియాలి! తమిళంలో పళ్ళి అంటే బడి, పల్లి అంటే బల్లి. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో దారి అడగబోయి, నోరు తిరక్క "వలి ఎంగే?" అన్నాను. వళి అంటే దారి, వలి అంటే నొప్పి, ఎంగే అంటే ఎక్కడ. టీకొట్టతను నన్ను ఎగాదిగా చూసి, ఎక్కడో నువ్వే చెప్పాలి సార్ అన్నాడు.

రాసింది పైకి చదువు, నాలుకే పట్టిస్తుంది. ఎడిటర్లు దిద్దుతారనుకోకు, "అర్థమైపోతుందిలెండి" అనే రకం వాళ్ళు. నా రెండో కథకి "కళ తప్పిన ఇల్లు" అని పేరు పెడితే ఒక వారపత్రికలో కల చేసి అచ్చేశారు. వెళ్ళి అడిగితే ఆ ఎడిటరు, కలే బాగుందండీ, లోతుగా ఉంది అన్నాడు. తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. పది రోజులకి ఎవరో పాఠకుడి కార్డు వచ్చింది, కథ కన్నా పేరే గొప్పగా ఉందని. అది అచ్చుతప్పండీ అని జవాబు రాయొచ్చు కదా, రాయలేదు. ఆ కార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది.

కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం ఎవరు వేస్తారు అని ఏవేవో అడిగావు, అవన్నీ తర్వాత. ముందు నాలుగో పేజీ దిద్ది పంపు. రెండో పేజీలో అమ్మమ్మ మొహం జోలికి మాత్రం ఇప్పుడే పోకు.