అద్దె గదికి మండువా లోగిలి అందం... అప్పు చేయాలా?

ప్రశ్న: మేడమ్, నేను కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాను. వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. చిన్న బెడ్‌రూమ్‌ని మా అమ్మమ్మగారి మండువా ఇల్లులా ఆఫీసు గదిగా చేయించుకోవాలని కోరిక. ఇంటీరియర్ వాళ్లు 3,80,000 అన్నారు. ఆదివారంలోగా అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అట. జీతం చేతికి 82,000 వస్తుంది. అద్దెతో కలిపి ఖర్చు 55,000. ఎఫ్‌డీలో 2,10,000 ఉంది. దాన్ని తీసేయనా, మూడేళ్లకు పర్సనల్ లోన్ తీసుకోనా?

జవాబు: రెండూ వద్దండి. గది మాత్రం చేసుకోండి.

మీరు పంపిన కొటేషన్ చూశాను. ‘ట్రెడిషనల్ లుక్ పిల్లర్లు రెండు, ఎండీఎఫ్ మీద టేకు వెనీర్, 46,000’ అన్న వరుస దగ్గర ఆగిపోయాను. చెక్క పీచును జిగురుతో నొక్కి, పైన పల్చటి టేకు పొర అతికించిన పలక అది. మీ అమ్మమ్మగారి స్తంభంతో దానికి చుట్టరికం లేదు. ఈ స్తంభాలు, ఫాల్స్ సీలింగ్, గోడల ప్యానెలింగ్ కలిపితే 2,30,000 దాకా మీ ఓనర్‌గారి గోడలకే పోతోంది. ఇల్లు మారే రోజు అవేవీ లారీ ఎక్కవు. పైగా బెజ్జాలకు లప్పం, పెయింటు అంటూ డిపాజిట్‌లో కోత పడొచ్చు.

14 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ సుమారు 13,000. మూడేళ్లలో వడ్డీయే 87,000 దాటుతుంది. నెలకు మీకు మిగిలే 27,000లో దాదాపు సగం ఆ ఈఎంఐకే పోతుంది. ఇక ఎఫ్‌డీ నాలుగు నెలల ఖర్చుకు కూడా చాలదు. ఉద్యోగం అటూ ఇటూ అయితే అద్దె కట్టాల్సింది అందులోంచే, దాన్ని ముట్టుకోకండి.

ఈఎంఐ కడుతున్నాననుకుని ఆ 13,000 నెలనెలా పక్కన పెట్టండి. ఏడు నెలలకు 91,000 అవుతుంది. గదిని ఆ డబ్బుతోనే కొంచెం కొంచెంగా నింపుకోండి, ఎటు మారినా మీతో వచ్చే వస్తువులే కొనండి.

మొదటి నెల కుర్చీ. ఇక్కడ మాత్రం సంప్రదాయం జోలికి పోవద్దు. తాతగారి చెక్క కుర్చీ అందంగానే ఉంటుంది, కానీ ఆయన అందులో తొమ్మిది గంటలు కాల్స్ మాట్లాడలేదు. నడుముకు ఆసరా ఉన్న కుర్చీకి 13,000 మొత్తం పెట్టినా నేను ఏమీ అనను. మీ కంపెనీ ఇస్తుందేమో ముందు అడిగి చూడండి. ఎందుకంటే జీతం మీద బతికేవాళ్లకు ఇంటి ఆఫీసు ఫర్నిచర్ పేరుతో ఇన్‌కమ్ ట్యాక్స్‌లో విడిగా మినహాయింపు లేదు.

తర్వాత బల్ల. కొత్త టేకు ధర భరించలేం, పాతది వెతకండి. పాతబస్తీలో పాత ఫర్నిచర్ అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. బల్ల తిరగేసి కాళ్ల అడుగున చూడండి. సన్న బెజ్జాలుండి, తట్టగానే పిండిలాంటి పొడి రాలితే చెక్కలో పురుగుంది, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. బల్లకు, పాలిష్‌కు, ఆటో ట్రాలీకి కలిపి 30,000 దాటనివ్వకండి.

మిగిలినదంతా మీ సరదాకే. కర్టెన్లకు పోచంపల్లి ఇక్కత్ బట్ట తీసుకోండి. మీ వెనక గోడకు చేర్యాల బొమ్మ ఒకటి తగిలించండి. చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసిన బట్ట మీద వేసే ఆ బొమ్మల్లో వెనక పరిచే ఎర్ర రంగు వీడియో కాల్‌లో ఎంత నిండుగా కనిపిస్తుందో! ఒకప్పుడు ఊరూరా కథలు చెప్పేవాళ్లు చుట్టలుగా మోసుకెళ్లిన బొమ్మలు ఇవి, ఇల్లు మారడం వాటికి అలవాటే. నేరుగా ఎండ తగిలే గోడకు మాత్రం పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. బల్ల మీదకు పొనికి చెక్కతో చేసిన నిర్మల్ బొమ్మ చాలు. ఇవన్నీ గోల్కొండ హస్తకళల షోరూమ్‌లో చూడొచ్చు. వాటికి 25,000 గీత గీసుకోండి, అక్కడికెళితే చెయ్యి ఆగదు. నాకు తెలుసు, పెంబర్తి ఇత్తడి పళ్లెం కోసం నా బడ్జెట్ నేనే దాటాను.

ఇంకో మాట, ఆ పాత బల్ల సొరుగు వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటుంది. వడ్రంగిని పిలవకండి, అంచులకు కొవ్వొత్తి రుద్దండి, వస్తుంది.