మామిడికాయలు నేరుగా ఇళ్లకు పంపాలంటే బస్సా, లారీయా, రైలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది, ఈసారి మండీకి వెయ్యకుండా హైదరాబాద్‌లో వంద ఇళ్లకు, ఢిల్లీలో ఓ పదిహేను ఇళ్లకు పంపాలనుకుంటున్నారు, దేంట్లో పంపితే చవక అని. మాదీ నూజివీడు దగ్గర మామిడి తోటే. ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాం. మొదటి రెండేళ్లూ డబ్బులు పోగొట్టుకునే నేర్చుకున్నాం. అందుకని కిలోకి ఎంతన్నది కాసేపు పక్కన పెట్టండి. తోటలో బండెక్కిన పెట్టెను గుమ్మం చేరేలోపు ఎన్నిసార్లు దించి ఎక్కిస్తారో ముందు లెక్కేయండి.

మొదటి ఏడాది మేం ఢిల్లీకి 40 పెట్టెలు ఒక పార్సిల్ లారీ సర్వీసులో వేశాం. పేరెందుకులెండి. అడిగినవాళ్లందరిలో వాళ్లదే తక్కువ రేటు, నాలుగు రోజులన్నారు. తర్వాత తెలిసింది, సరుకు మూడు గోడౌన్లు మారిందట. మారిన ప్రతిచోటా హమాలీ పెట్టె విసురుతాడు, దానిమీద ఇంకొకళ్ల ఇనప సామాను పెడతాడు. ఏడో రోజుకి చేరాయి. 17 పెట్టెలకు డబ్బులు వెనక్కిచ్చాం. అడుగుదామంటే రసీదు వెనక సన్నక్షరాల్లో ‘సరుకు యజమాని రిస్కు’ అని ఉంది. తప్పంతా వాళ్లదే అనను. అట్టపెట్టెలకు మేం గాలి కన్నాలు పెట్టలేదు, కాయకి చెమట పట్టి అడుగు అట్ట నానిపోయింది. మా నాన్న మాత్రం ఆ వారమంతా, ‘దళారీ కమీషనే నయం గదరా’ అంటూనే ఉన్నాడు.

ఇక హైదరాబాద్. విజయవాడ నుంచి 270 కిలోమీటర్ల చిల్లర, రాత్రికి రాత్రి చేరే దూరం. ఐదారు పెట్టెలే అయితే ఆర్టీసీ కార్గో చాలు. డిపోలో ఇస్తే అటువైపు బస్టాండ్‌లో తీసుకుంటారు. కానీ ఇంటిదాకా చేర్చే ఏర్పాటు లేకపోతే మీ కస్టమర్ ఉద్యోగం మానుకుని బస్టాండ్‌కి రావాలి. మొదటిసారి సరదాగా వస్తారు. రెండోసారి ఫోన్ ఎత్తరు. వంద ఇళ్లంటే ఈ దారి వదిలేయండి.

వంద పెట్టెలు దాటితే మేం బొలెరో పికప్ మాట్లాడతాం. సాయంత్రం ఎండ తగ్గాక లోడు చేసి, ఎనిమిదింటికి బయల్దేరదీస్తే తెల్లారకముందే సిటీలో ఉంటుంది. పగలు బయల్దేరదీయకండి, మే నెల ఎండకి టార్పాలిన్ కింద కాయ ఉడికిపోతుంది. కిరాయి దగ్గర ఒక కిటుకుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి సామాను దించి ఖాళీగా వెళ్లే బళ్లు రోజూ ఉంటాయి. రిటర్న్ లోడుకి డ్రైవర్ ఎంతో కొంతకి ఒప్పుకుంటాడు, ఖాళీగా పోతే డీజిల్ ఖర్చు వాడి నెత్తినే కదా. మేం ఇద్దరు డ్రైవర్ల నంబర్లు పెట్టుకున్నాం, సీజన్‌లో వాళ్లే ఫోన్ చేస్తారు.

బండి నిండా సరుకు లేనప్పుడు ఇంకో దారి ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్లిపోయింది. అది విజయవాడ హైవే మీదే, సిటీకి ముందే వస్తుంది. మన వైపు నుంచి అక్కడికి సీజనంతా మామిడి లారీలు నడుస్తూనే ఉంటాయి. ఊళ్లో ఎవరి లోడు వెళ్తున్నా, పైన 20 క్రేట్లకు చోటడిగి, బాటసింగారంలో దించి, అక్కడ ట్రాలీ ఆటోలోకి మార్చి ఎల్బీనగర్, ఉప్పల్ వైపు పంచేస్తాం. ఒక్క మార్పే. పైగా లారీ అంతా మామిడే కాబట్టి ఎక్కడ ఎలా పెట్టాలో వాళ్లకి తెలుసు. అట్టపెట్టెలు మాత్రం అందులో వెయ్యొద్దు, ప్లాస్టిక్ క్రేట్లే నిలబడతాయి. క్రేట్లు వెనక్కి తెప్పించుకోవడం పెద్ద టెన్షన్, అది వేరే కథ.

ఢిల్లీకి రైలు మంచిదే, కానీ సరుకు ఎంతన్నదాన్ని బట్టి. రేణిగుంట నుంచి 2020 నుంచీ దూద్ దురంతో పేరుతో పాల ట్యాంకర్ల రైలు ఢిల్లీకి నడిచింది, ట్యాంకర్‌కి 40 వేల లీటర్లు. ఇక్కడ నింపితే 2300 కిలోమీటర్లు పోయాకే విప్పడం, మధ్యలో ఎవడూ ముట్టడు. అదే ఏడాది సెప్టెంబర్లో అనంతపురం నుంచి పండ్లతో ఢిల్లీకి కిసాన్ రైలు నడిపిందీ ఇలాగే, బోగీల లెక్కన. పదిహేను ఇళ్లకి పదిహేను పెట్టెలు రైలు పార్సిల్‌లో వేస్తే ఆ సుఖం రాదు. మధ్య స్టేషన్లో రైలు ఆగేది కొద్ది నిమిషాలు, అంతలో ఎక్కకపోతే ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతుంది. అంతగా వేయాలంటే, రైలు ఎక్కడ బయల్దేరుతుందో అక్కడే బుక్ చేయండి. అటువైపు స్టేషన్‌కి వెళ్లి విడిపించుకునే మనిషిని కూడా ముందే చూసుకోండి.

మీ పదిహేను పెట్టెలకి నేనైతే విమాన కొరియర్లో వేస్తాను. రేటు గట్టిగానే ఉంటుంది, దాన్ని కస్టమర్‌కే దాచకుండా చెప్పేయండి. కొరియర్ వాళ్లు బరువొక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. వరిగడ్డి బాగా దట్టించి 50, 40, 30 కొలతల పెట్టె తయారుచేస్తే, లోపల పది కిలోలే ఉన్నా 12 కిలోలకి కట్టాలి. మేం ఒక సీజనంతా గడ్డికి డబ్బులు కట్టాం.

ఏ బండైనా సరే, మాగిన కాయ ఎక్కించొద్దు. ముదిరిన పచ్చికాయని కొంచెం తొడిమ ఉంచి కోయండి, లేకపోతే సొన కారి పైన నల్లమచ్చలు పడతాయి. మా కాయ ఇంట్లో మాగడానికి ఐదారు రోజులు పడుతుంది, దారిలో గడిచే రెండు రోజులూ అందులోనే కలిసిపోతాయి. ఐస్‌క్రీమ్ తోలే చల్లని బండి ఖాళీగా ఉంది, వేసుకో అని ఎవరైనా అంటే వద్దనండి. 12 డిగ్రీల కిందకి పోతే పచ్చిమామిడి దెబ్బతింటుంది, తర్వాత సరిగ్గా మాగదు కూడా. పెట్టెమీద కోసిన తేదీ రాయండి. ‘ఇంకా పచ్చిగానే ఉన్నాయేంటండీ’ అనే ఫోన్లు మాకు దాంతోనే సగానికి తగ్గాయి.