తోలుబొమ్మలాటకు ముందు చీకటి కావాలి

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో రెండు రోజుల జానపద సదస్సు పెడుతున్నాం. మొదటి రోజు పత్రాలు చదవడం అయ్యాక, సాయంత్రం 5 గంటలకు ఆడిటోరియంలో అరగంట తోలుబొమ్మలాట అనుకున్నాం. ఊరివాళ్ళనూ పిలుస్తున్నాం. ఏమేం సిద్ధం చేసుకోవాలి?
– తెలుగు అధ్యాపకురాలు, కడప జిల్లా

జవాబు: ముందు ఆ 5 గంటలను 8కి మార్చి, ఆటను ఆరుబయట పెట్టండి. ఊరివాళ్ళు అన్నాలు తిని తీరిగ్గా వస్తారు. తెరకు ఎదురుగా ఏ వెలుగు పడినా బొమ్మల రంగులు వెలిసిపోయినట్టుంటాయి కాబట్టి, దగ్గరి వీధిదీపాన్ని ఆ కాసేపు ఆపించండి.

అరగంట ఏ మూలకూ చాలదు. తెల్లవార్లూ ఆడే ఆట అది. కనీసం గంటన్నర ఇచ్చి, లంకాదహనం లాంటి ఒక్క ఘట్టం ముందే మాట్లాడుకోండి. టైము లేదని నవ్వించే పాత్రలైన కేతిగాడినీ బంగారక్కనూ మాత్రం తీసేయించకండి. ఊరి సంగతులు ఆటలోకి వచ్చేది వాళ్ళ నోటివెంటే. జానపద సదస్సులో వినాల్సిందే అది.

పెద్ద బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. తెరకు 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న పల్చటి తెల్ల నూలుగుడ్డ తీసుకుని ముడత లేకుండా బిగించండి. పై అంచు జనం వైపు కాస్త వాలాలి. అప్పుడు బొమ్మ తెరకు ఆనుకుని ఉంటుంది. తెరకు దూరమైతే బొమ్మ అంచులు మసకబారతాయి. దీపం తెరకూ ఆడించేవాళ్ళకూ మధ్య, వాళ్ళ తలలకంటే ఎత్తులో వేలాడాలి. వాళ్ళ వెనక పెడితే మనుషుల నీడలే తెర మీద పడతాయి. హాలోజన్ వద్దు, ఆ వేడికి మేకతోలు వంకర తిరుగుతుంది. పసుపు వెలుగిచ్చే బల్బులు చాలు.

సిమెంటు వేదికైతే చెక్కపలకలు పరవండి. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళతో తొక్కే చప్పుడు వాటి నుంచే పుడుతుంది. పాటకు ఒక మైకు, పలకల దగ్గర ఒకటి పెట్టండి.

ప్రశ్న: బృందం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: మీకు దగ్గర ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుగారిది ఆ ఊరే. ఇప్పుడు అక్కడ తోలుతో దీపాల గొడుగులు చేసి అమ్మేవాళ్ళూ ఉన్నారు కాబట్టి, పాడేవాళ్ళు, మద్దెల, హార్మోనియంతో పూర్తి బృందం వస్తుందా అని అడిగి ఖాయం చేసుకోండి. వీడియో తీస్తామంటే అనుమతి ముందే అడగాలి, కాపీ వాళ్ళకూ ఇవ్వాలి. డబ్బు బిల్లులు పాసయ్యేదాకా ఆపకుండా ఆ రాత్రే చేతికివ్వండి. ఆట చివర, బృందం ఒప్పుకుంటే, పిల్లల్ని పదిమంది చొప్పున తెర వెనక్కి పంపండి.