తుంటి విరిగిన పెద్దవాళ్లు బతుకుతారో లేదో రక్త పరీక్షలో తెలుస్తుందా?

నాన్నగారికి 81 ఏళ్లు, తుంటి విరిగింది, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 2.9 వచ్చింది, నెట్‌లో చూసి భయపడ్డాం అని మీరు రాశారు. రెండేళ్ల కిందట నేనూ ఇదే పని చేశాను. డాక్టర్ని కాను, కావలిలో కిరాణా కొట్టు నాది.

మా అమ్మ తెల్లవారుజామున దొడ్లోకి వెళ్తూ పడింది. హిమోగ్లోబిన్ 8.6, అల్బుమిన్ 2.8, సోడియం 126. మూడింటి పక్కనా కిందికి బాణం గుర్తులే. మొదట చేర్చిన చోట ‘అల్బుమిన్ పెరగనివ్వండి’ అని రెండు రోజులు పడుకోబెట్టారు. అది రెండు రోజుల్లో పెరిగేది కాదని నెల్లూరు తీసుకెళ్లాకే తెలిసింది. 3.5 కన్నా తగ్గితే ముప్పు ఎక్కువన్న మాట నిజమే. కానీ అది కొన్ని వారాల తిండి గురించి చెప్పే లెక్క, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా పడిపోతుంది. నాన్న పోయాక అమ్మ రాత్రిపూట మజ్జిగ తాగి పడుకునేది. మేమేమో ఉపవాసాలనుకున్నాం!

సోడియం సంగతి వేరు, అది బాగా తగ్గితే మనిషికి మతి తికమకవుతుంది. అమ్మేమో ఎప్పుడో పోయిన మా పెద్దమ్మని పేరు పెట్టి పిలుస్తుంటే చాదస్తమనుకున్నాం. మత్తు డాక్టరు బీపీ మాత్రల అట్ట అడిగి, తిప్పి చూసి, అందులో ఒంట్లో ఉప్పుని మూత్రంలో పంపేసే మందు ఉందన్నారు. మాత్ర మార్చి, సోడియం మెల్లగా సరిచేసి, రక్తం ఎక్కించి, మర్నాడు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత మాట కుదుటపడింది.

ఇలాంటి వాళ్లకి నెలలోపు ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి నాటింగ్‌హామ్ స్కోర్ అని ఒకటుంది. అందులో ఏడు అంశాలు. వయసు, జ్ఞాపకశక్తి, మిగతా జబ్బుల్లాంటివి చూస్తారు. రక్తానికి సంబంధించింది ఒక్క హిమోగ్లోబినే. అల్బుమిన్ అందులో లేనే లేదు. తెల్ల రక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించే లెక్క కూడా నెట్‌లో కనిపిస్తుంది, నేను కాలిక్యులేటర్ పట్టుకుని అదీ చేశా. టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

డాక్టర్ని ‘బతుకుతారా’ అని కాదు, ‘వీటిలో ఈరోజు సరిచేయగలిగింది ఏది, ఆపరేషన్ ఎప్పుడు’ అని అడగండి. బ్రిటన్ మార్గదర్శకాలైతే చేరిన రోజే, లేదా మర్నాడే చేయమంటాయి. ఆపరేషన్ మర్నాడు లేపి నిలబెడతారు, నొప్పని ఏడుస్తారు, అడ్డుపడకండి.

అమ్మ ఇప్పుడు వాకర్‌తో వసారా దాకా వస్తుంది. శనివారం కూడా గుడ్డు తింటోంది, దేవుడు చూడళ్లే అంటుంది.