పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మహిళల ప్రపంచ కప్

ప్రశ్న: క్రికెట్‌లో తొలి ప్రపంచ కప్ 1975లో జరిగిందని చదువుకున్నాను. మహిళల టోర్నీ అంతకన్నా ముందే జరిగిందని మా అమ్మాయి వాదిస్తోంది. ఏది నిజం? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ అమ్మాయి మాటే నిజం. లార్డ్స్‌లో వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ పురుషుల కప్పు అందుకోవడానికి రెండేళ్లు ముందే, 1973 జూన్, జులై నెలల్లో మహిళల ప్రపంచ కప్ ఇంగ్లండ్‌లో జరిగింది. ఇంగ్లండ్ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్ పూనుకోగా, వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన వ్యాపారవేత్త జాక్ హేవర్డ్ 40,000 పౌండ్లు ఇచ్చి దానిని సాధ్యం చేశారు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పాటు జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో వెస్టిండీస్ పేరుతో కాక విడివిడిగా ఆడాయి. అవి చాలక యంగ్ ఇంగ్లండ్, ఇంటర్నేషనల్ ఎలెవన్ అనే రెండు జట్లను కూర్చి మొత్తం ఏడు చేశారు. జమైకా, న్యూజిలాండ్ ఆడవలసిన మ్యాచ్ ఒక్క బంతి అయినా పడకుండానే వాన పాలయింది.

ఇన్నింగ్స్‌కు 60 ఓవర్లు. ప్రతి జట్టూ మిగతా అన్నింటితో ఆడాలి, ఫైనల్ అంటూ విడిగా లేదు. అయితే జులై 28న ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగిన చివరి మ్యాచే కప్పు ఎవరిదో తేల్చింది. ఎనిడ్ బేక్‌వెల్ 118 పరుగులు చేయగా ఇంగ్లండ్ 3 వికెట్లకు 279 పరుగులు సాధించి, 92 పరుగుల తేడాతో గెలిచింది. యువరాణి ఆన్ కప్పును అందజేశారు. ఇంత జరిగినా, ‘తొలి ప్రపంచ కప్’ అనగానే 1975 అని రాసేయడం మన పత్రికలకు కూడా అలవాటైపోయింది. కనీసం ‘పురుషుల’ అన్న మాట చేర్చితే సరిపోతుంది.

ప్రశ్న: మహిళల ప్రపంచ కప్ ఫైనల్ హైదరాబాద్‌లో జరిగిందని మా నాన్నగారు చెప్పేవారు. రికార్డుల్లో ఆ ఏడాది ఫైనలే కనిపించదు. ఎందుకని? (ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: మీ నాన్నగారు చెప్పినదీ, రికార్డులు చెబుతున్నదీ రెండూ సరైనవే. 1978లో భారత్ ఆతిథ్యమిచ్చిన రెండో ప్రపంచ కప్‌లో ఆడినవి నాలుగే జట్లు, జట్టుకు మూడేసి మ్యాచ్‌లు. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ చెరి రెండు గెలిచి, జనవరి 13న లాల్ బహదూర్ స్టేడియంలో తలపడ్డాయి కాబట్టి పేరుకు లీగ్ మ్యాచ్ అయినా అది ఫైనల్‌తో సమానమే. ఇంగ్లండ్ 50 ఓవర్లు ఆడి 8 వికెట్లకు 96 పరుగులే చేయగలిగింది. ఆస్ట్రేలియా రెండు వికెట్లు మాత్రమే కోల్పోయి లక్ష్యాన్ని చేరుకుని, తన తొలి కప్పును హైదరాబాద్‌లోనే అందుకుంది.

డయానా ఎడుల్జీ సారథ్యంలోని మన జట్టుకు అవే తొలి వన్డేలు. ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్‌పై 63 పరుగులకే ఆలౌటైన మన వాళ్లు మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. అప్పట్లో మహిళా క్రికెట్‌కు వేరే సంఘం ఉండేది. బీసీసీఐ దానిని తన పరిధిలోకి తీసుకున్నది 2006లోనే అని గుర్తుంచుకుంటే, ఆ ఓటములను అంత కఠినంగా చూడాలనిపించదు.

ప్రశ్న: భారత్ మొదటిసారి కప్పు గెలిచింది ఎప్పుడు? (ఒక విద్యార్థిని, కడప)

జవాబు: 2025 నవంబరు 2న, నవీ ముంబైలో, దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో. అంతకుముందు మిథాలీ రాజ్ కెప్టెన్సీలో రెండుసార్లు ఫైనల్ చేరి ఓడింది: 2005లో సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగులతో, 2017లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ చేతిలో తొమ్మిదే పరుగులతో. 2025 టోర్నీలో మీ జిల్లా అమ్మాయి, ఎడమచేతి వాటం స్పిన్నర్ శ్రీచరణి 14 వికెట్లు తీసింది.