చార్టులో అన్నయ్య లేడు

ప్రశ్న: మాది గుంటూరు. ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. మా పుట్టింటి వంశవృక్షాన్ని గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తయారు చేస్తున్నాను. అమెరికాలో ఉన్న మేనల్లుడు, అంటే మా అన్నయ్య కొడుకు, వేరే సాఫ్ట్‌వేర్‌లో అదే పని చేస్తూ, తన ఫైలు ఈమెయిల్‌లో పంపాడు. దాన్ని నా వంశవృక్షంలోకి తెచ్చుకోగానే ప్రతి మనిషీ రెండేసి సార్లు కనిపించారు. అదనం అనుకున్నవి తొలగించి, నాన్నగారి శతజయంతికి చార్టు అచ్చు వేయించి పంచాను. తీరా చూస్తే అందులో నిరుడు పోయిన మా అన్నయ్య లేడు, అతని పిల్లలూ మనవలూ లేరు. ఆస్తి పంపకాల నాటి కోపంతో కావాలనే తీసేశానని వదిన బంధువులందరితో అంటున్నారట. మేనల్లుడు ఫోను ఎత్తడం లేదు. అన్నయ్యది మా తాతగారి పేరే, ఇద్దరూ పుట్టింది విరోధి నామ సంవత్సరమే. ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: తప్పు ఎక్కడ జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. విరోధి 1889లో వచ్చింది, మళ్లీ 1949లో వచ్చింది. తాతకూ మనవడికీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే సంవత్సరం. రెండు ఫైళ్లూ కలిశాక ఆ పేరుతో నలుగురు తయారై ఉంటారు. వాళ్లలో ఇద్దరు తాతగారు, ఇద్దరు అన్నయ్య. నలుగురూ ఒక్కరేనన్న భ్రమలో అన్నయ్యవి రెండూ తొలగించి ఉంటారు. తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మేనరికాలు కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

అయితే కంప్యూటర్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. ముందు మీ వదినగారి ఇంటికి వెళ్లండి. ఫోనులో కాదు, మేనల్లుడి ద్వారా కబురు పంపడమూ కాదు, మీరే వెళ్లండి. భర్త పోయి ఏడాది తిరగకముందే, ఆయన పేరు లేని వంశవృక్షం అచ్చు కాగితంగా ఆవిడ చేతికి వచ్చింది. ఆ క్షణంలో పాత పంపకాలు గుర్తుకు రావడం ఆవిడ తప్పు కాదు. అక్కడ సాఫ్ట్‌వేర్ సంగతులు ఎత్తకండి. నలుగురు పుట్టారు, ఇద్దరిని తీశాను అని మొదలుపెడితే సాకులు చెబుతున్నారనే అనిపిస్తుంది. "అన్నయ్య పేరు నా చేతి మీదుగానే పోయింది వదినా, నేనే సరిచేస్తాను" అంటే చాలు. పంపకాల మాట ఆవిడ ఎత్తితే వినండి. ఎత్తకపోతే, ఆ కోపం నాకు లేదని మీరుగా చెప్పబోవద్దు. అడగని సంజాయిషీ అనుమానాన్ని పెంచుతుంది.

ఇక ఫైలు. మీకు మంచి కబురే ఉంది. గ్రాంప్స్‌లో ఒక మనిషిని తొలగిస్తే అతని పిల్లలు తొలగిపోరు, తండ్రితో ఉన్న ముడి మాత్రమే తెగుతుంది. పైతరం నుంచి కిందికి గీసే చార్టు ఆ తెగిన చోట ఆగిపోతుంది కాబట్టి వాళ్లు అందులో కనబడలేదు. వ్యక్తుల జాబితా తెరిచి మేనల్లుడి పేరు వెతకండి, ఉండే ఉంటాడు. పైగా అతను పంపిన అసలు ఫైలు మీ ఈమెయిల్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. అతను ఫోను ఎత్తకపోయినా పని ఆగదు.

రెండూ కలపకముందు మీరు దాచుకున్న బ్యాకప్ ఉంటే దాన్నుంచి మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు. మేనల్లుడి ఫైలును మీ వంశవృక్షంలోకి తేవద్దు. గ్రాంప్స్‌లో కొత్తగా ఒక ఖాళీ వంశవృక్షం సృష్టించి, అందులోకి తెచ్చుకోండి. దిగుమతి ఎప్పుడూ అప్పుడు తెరిచి ఉన్న వృక్షంలోనే చేరుతుంది. ఉన్నవాళ్లెవరు, కొత్తవాళ్లెవరు అని అది తేల్చదు. రెండింటినీ పక్కపక్కన చూసుకుంటూ, అతని దగ్గర మాత్రమే ఉన్న వివరాలను చేత్తో ఎక్కించండి. కాస్త విసుగు పుట్టే పనే, కానీ మీ కుటుంబానికి ఇదే సురక్షితం. విరోధి అని రాసిన ప్రతిచోటా పక్కన 1889 అనో 1949 అనో చేర్చండి. తాతగారి పేరు వెంట తాతగారని, అన్నయ్య పేరు వెంట అన్నయ్య అని గుర్తు పెట్టుకోండి.

మీ ఇద్దరి సాఫ్ట్‌వేర్లు వేరు కాబట్టి అతను పంపింది జెడ్‌కామ్ ఫైలే అయి ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి వంశ వివరాలు చేరవేయడానికి 1984లో మొదలైన పద్ధతి అది. లోపల ఉండేది మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ తయారు చేసిందో మొదటి వరుసల్లో ఉంటుంది, చాలాసార్లు తేదీ కూడా ఉంటుంది. ఏ ఫైలు ఎవరిదో తెలియనప్పుడు పేరును కాక ఆ వరుసలను నమ్మండి. ఫైళ్లకు 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలు ఫైనల్' అని పేర్లు పెట్టని కుటుంబం ఉందా అని నాకు అనుమానం. సంవత్సరం, నెల, తేదీ వరుసలో పెట్టండి: వంశం-2025-03-14-గుంటూరు. అలా పెడితే కంప్యూటరే వాటిని కాలక్రమంలో నిలబెడుతుంది. మామూలు జెడ్‌కామ్‌లో ఫొటోలు రావు, అవి ఉన్న చోటి దారి మాత్రమే వస్తుంది. వాటిని విడిగా అడిగి తీసుకోండి.

మేనల్లుడికి పొడవైన ఉత్తరం వద్దు. అమ్మకూ అత్తయ్యకూ మధ్య నలిగి మాట్లాడలేకపోతున్నాడేమో. "మీ నాన్న పేరు నా పొరపాటు వల్ల పోయింది, సరిచేస్తున్నాను. ఇకపై అసలు ఫైలు నా దగ్గరే ఉంచుతాను. నీకు కొత్త సంగతి తెలిస్తే పూర్తి ఫైలు కాకుండా ఆ సంగతి ఒక్కటే పంపు" అని రాయండి. తనే చూసుకుంటానంటే సంతోషంగా అప్పగించండి. ఊరగాయ జాడీలో ఇంటిల్లిపాదీ చేతులు పెట్టరు కదా.

సరిచేసిన చార్టును కుటుంబ వాట్సాప్ గుంపులో పెట్టే ముందు కాగితం మీద తీసి వదినగారికి చూపించండి. మనవల పుట్టినరోజులు, పురుళ్లు ఏ ఊళ్లో జరిగాయో ఆవిడకు తెలిసినట్టు మీకు తెలియదు. ఆవిడ దిద్దినవి ఎక్కించాకే అచ్చుకు ఇవ్వండి. పాత చార్టులు వెనక్కి అడగవద్దు, అడిగితే ఆ మాట ఇంకో ఆరు నెలలు నలుగుతుంది. కొత్తదాని కింది మూలలో సవరించిన తేదీ వేయించండి. రెండూ ఒకే ఇంట్లో ఉన్నా ఏది సరైనదో చూసినవాళ్లకు తెలుస్తుంది.