పాత బండి – మీ ప్రశ్నలు: స్టీరింగ్ ఊడదీయడానికి ఏ పనిముట్టు కావాలి?

ప్రశ్న: మా నాన్నగారి 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3 పదకొండేళ్ళుగా షెడ్డులోనే ఉంది. నాన్నగారు పోయాక దాన్ని అమ్మడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు మళ్ళీ నడిపించాలని బాగు చేయిస్తున్నాను. ఇండికేటర్ స్విచ్చి మార్చాలి. స్టీరింగ్ మీద పగుళ్ళు కూడా పూడ్పించాలి. నట్టు ఊడింది కానీ స్టీరింగ్ మాత్రం కదలడం లేదు. మూడు కాళ్ళ పుల్లర్ పెడితే జారిపోయింది. వెనక నుంచి సుత్తితో కొడితే వస్తుందని ఒకరు, కోసేసి కొత్తది వేద్దామని ఇంకొకరు అంటున్నారు. నాన్నగారి చేతులు పడిన స్టీరింగ్ అది. కోయించడానికి మనసు ఒప్పడం లేదు. సరైన పనిముట్టు ఏది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కోయించకండి, అమ్మా. సుత్తి కూడా వద్దు. ముందు ఒక పని చేయండి. ఊడిన నట్టును తిరిగి రెండు మూడు చుట్లు ఎక్కించి వదిలేయండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు, నట్టు మాత్రం ఈ రోజే ఎక్కించాలి. ఎందుకో చెబుతాను.

స్టీరింగ్ మధ్యలో ఇనుప దిమ్మ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని హబ్ అంటారు. లోపలి వైపు దానికి సన్నని పళ్ళుంటాయి. స్టీరింగ్ షాఫ్ట్ కొసకు కూడా అలాంటివే పళ్ళు. రెండూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, పైనుంచి నట్టు బిగిస్తారు. నలభై యాభై ఏళ్ళలో ఆ పళ్ళ సందుల్లోకి చెమ్మ చేరి తుప్పు పడుతుంది. మీ బండి గోదావరి గాలిలో పదకొండేళ్ళు కదలకుండా ఉంది కాబట్టి ఇంకా గట్టిగా పట్టి ఉంటుంది. అంతకు మించి అక్కడ వేరే తాళం ఏమీ లేదు. ఆ తుప్పు పట్టు విడిపించడమే మన పని. పట్టు విడిచేటప్పుడు స్టీరింగ్ ఒక్కసారిగా వస్తుంది. నట్టు లేకుండా రెండు చేతులా లాగుతున్న మనిషి మూతికి అది తగులుతుంది. నేను పని నేర్చుకున్న తెనాలి షెడ్డులో మా సీనియర్ ఒకాయనకు ముందు పన్ను అలాగే విరిగింది. అందుకే షాఫ్ట్ కొస, నట్టు పైభాగం సమానంగా ఉండేలా నట్టును ఎక్కించి ఉంచాలి. స్టీరింగ్ అక్కడే ఆగుతుంది, షాఫ్ట్ మరలకూ దెబ్బ తగలదు.

సుత్తి ఎందుకు వద్దంటున్నానంటే, అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. అంటే షాఫ్ట్ కింది కొసన పినియన్ అనే చిన్న పళ్ళచక్రం తిరుగుతూ, ర్యాక్ అనే పళ్ళ కడ్డీని అటూ ఇటూ జరిపి చక్రాలను తిప్పుతుంది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఏర్పాటు అది. షాఫ్ట్ మీద కొట్టిన దెబ్బ నేరుగా కింద పినియన్ బేరింగుల మీదికి దిగుతుంది. హబ్ వెనక నుంచి కొట్టినా తుప్పు పట్టి ఉంది కాబట్టి ఆ అదురు షాఫ్ట్‌కే వెళ్తుంది. పైకొస మీద కొడితే మరలు పుట్టగొడుగులా విచ్చుకుని నట్టు మళ్ళీ ఎక్కదు. ఈ రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. మొదటిసారి పదిహేను నిమిషాల పని నాలుగు రోజులు పట్టింది. ర్యాక్ మొత్తం దించాల్సి వచ్చింది. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. మంచి ర్యాక్ దొరకాలంటే ఇప్పుడు పాత సామాను దుకాణాలు గాలించాల్సిందే.

ఇక పుల్లర్ సంగతి. మూడు కాళ్ళ పుల్లర్ బేరింగులు, గేర్లు, పుల్లీలు లాగడానికి చేసినది. దాని గోళ్ళు పట్టుకోవడానికి వెనకవైపు చదునైన అంచు కావాలి. పాత స్టీరింగ్ హబ్ వెనక భాగం చాలా బండ్లలో గుండ్రంగానో, ఏటవాలుగానో ఉంటుంది. మీది జారిపోయింది అందుకే. జారకుండా ఉండాలని కొందరు గోళ్ళను స్టీరింగ్ కమ్మీలకు తగిలిస్తారు. అది ఇంకా ప్రమాదం. కమ్మీలు వంగుతాయి, పైన ఉన్న పెళుసు ప్లాస్టిక్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మీ స్టీరింగ్ ముందే పగిలి ఉంది కాబట్టి బలం ఎప్పుడూ హబ్ మీదే పడాలి, కమ్మీల మీద గానీ పైచక్రం మీద గానీ పడకూడదు.

మీకు కావలసింది రెండు ముక్కల పలక ఉన్న పుల్లర్. బజారులో మీ బండికి సరిపడేది దొరకకపోతే ఏ లేత్ షాపులోనైనా చేయించుకోవచ్చు. నా దగ్గర ఉన్నది విజయవాడ ఆటోనగర్‌లో చేయించినదే, ముప్పై ఏళ్ళుగా పనిచేస్తోంది. దాన్ని ఇప్పుడు బల్ల మీద పెట్టుకుని చూస్తూ రాస్తున్నాను. పది మిల్లీమీటర్ల మందం ఇనుప పలక, అరచేయంత వెడల్పు. మధ్యలో గుండ్రటి రంధ్రం. హబ్ వెనక మెడలా సన్నగా ఉండే చోటు కంటే ఒక్క మిల్లీమీటరు మాత్రమే పెద్దది. ఆ రంధ్రం మధ్యగా పలకను నిలువునా రెండుగా కోయించాను. రెండు ముక్కలనూ హబ్ వెనక చెరో వైపు నుంచి దూర్చి, పక్క బోల్టులతో కలిపి బిగిస్తే అది మెడ చుట్టూ పట్టీలా కూర్చుంటుంది. ఇక జారడానికి సందే లేదు. ఆ పలక నుంచి రెండు పొడవాటి బోల్టులు కమ్మీల మధ్యగా ముందుకు వస్తాయి. వాటి కొసలకు అడ్డంగా మందపాటి ఇనుప పట్టీ. పట్టీ మధ్యలో మరలు వేసిన రంధ్రం, అందులో పెద్ద బోల్టు. ఆ పెద్ద బోల్టును తిప్పితే అది షాఫ్ట్‌ను నెడుతుంది, పలక హబ్‌ను లాగుతుంది. బలం మొత్తం ఆ రెండింటి మధ్యే తిరుగుతుంది. కింద ర్యాక్‌కు ఏమీ చేరదు. ఈ పనిముట్టు గొప్పతనమంతా అక్కడే ఉంది.

లేత్ షాపుకు వెళ్ళే ముందు రెండు కొలతలు తీసుకోండి: హబ్ వెనక మెడ వ్యాసం, హబ్‌కూ కింది కాలమ్ (షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టం) తొడుగుకూ మధ్య ఉన్న సందు. సందు పది మిల్లీమీటర్లు లేకపోతే పలక మందం తగ్గించాలి. ఎనిమిది చాలు, ఆరు కంటే పలచన చేస్తే వంగుతుంది.

నట్టుకు సాకెట్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. అంబాసిడర్ బ్రిటిష్ వంశం కాబట్టి దాని పాత నట్లు అంగుళాల లెక్కలో ఉంటాయి. మన దగ్గర ఇప్పుడు అందరి చేతిలో ఉన్నవి మిల్లీమీటర్ల సాకెట్లు. ఉదాహరణకు అంగుళం నట్టు అంటే 25.4 మిల్లీమీటర్లు. 25 సాకెట్ దానికి ఎక్కదు. 26 ఎక్కుతుంది కానీ వదులు. ఆ కాస్త వదులే నట్టు మూలలను అరగదీస్తుంది. అందుకే అంచనాతో కొనకుండా వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే పనిముట్టు) కొలిచి, అదే కొలత ఉన్న ఆరు మూలల సాకెట్ తీసుకోండి. పన్నెండు మూలలది ఈ పనికి వద్దు, పాత నట్టు మీద జారుతుంది.

ఇప్పుడు పని. ముందు బ్యాటరీకి బాడీతో కలిపిన కేబుల్ తీసేయండి. హారన్ తీగ హబ్‌లోనే ఉంటుంది. చక్రాలు తిన్నగా పెట్టండి. షాఫ్ట్ కొస మీద, హబ్ మీద కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. ఈ గీత మర్చిపోయి తర్వాత స్టీరింగ్ వంకరగా బిగించుకున్నవారు నాకు చాలామంది తెలుసు. ఫోనుతో ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి.

పళ్ళ సందుల్లోకి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్ళీ కొట్టండి. మూడో రోజు వేడి నీటిలో ముంచి పిండిన గుడ్డను హబ్ చుట్టూ పది నిమిషాలు చుట్టి ఉంచండి. గ్యాస్ టార్చి మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ ప్లాస్టిక్ ఒక్క నిమిషంలో కరిగిపోతుంది.

అప్పుడు పుల్లర్ కంటే ముందు చేతులతో ప్రయత్నించండి. నట్టు ఎక్కించే ఉంది కదా. డ్రైవరు సీట్లో కూర్చుని రెండు మోకాళ్ళూ స్టీరింగ్ కింద ఆనించి, ఎడమ కుడి మార్చి మార్చి పైకి నెట్టండి. గట్టిగా కాదు, ఊపుతున్నట్టు. పైచక్రం అంచున పగుళ్ళున్న చోట మోకాలు ఆనించకండి. చాలా అంబాసిడర్లు ఇక్కడే లొంగిపోతాయి. పది నిమిషాలు ఊపినా రాకపోతేనే పుల్లర్ పెట్టండి.

పుల్లర్ బోల్టుకూ షాఫ్ట్ కొసకూ మధ్య ఒక ఇత్తడి బిళ్ళ ఉంచాలి. షాఫ్ట్ బోలుగా ఉండి మధ్యలోంచి తీగ వచ్చే బండ్లు కొన్ని ఉన్నాయి. మీదీ అలాంటిదే అయితే బిళ్ళ తీగను నొక్కకూడదు, షాఫ్ట్ అంచు మీదే ఆనాలి. బోల్టును పావు చుట్టు తిప్పి ఆగండి. ఒక నిమిషం చూడండి. మళ్ళీ పావు చుట్టు. బోల్టు బిగుసుకుని ఇక తిరగనంటే స్పానరుకు పైపు తొడిగి బలం పెంచకండి. స్ప్రే మళ్ళీ కొట్టి, ఆ బిగువు అలాగే ఉంచి, వెళ్ళి భోజనం చేసి రండి. నేను గుంటూరు ఐటీఐలో పాఠం చెప్పినన్నాళ్ళూ పిల్లలకు ఇదే చెప్పాను. ఒకసారి అలా వదిలేసి మేమంతా టీకి వెళితే ఖాళీ షెడ్డులోంచి ‘ఠక్’మని చప్పుడు వినిపించింది. పరుగెత్తుకుంటూ వచ్చి చూస్తే స్టీరింగ్ నట్టు దాకా వచ్చి ఆగి ఉంది. ఆ చప్పుడు విన్న పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఊడదీశాక పగుళ్ళను వెడల్పు చేసి, శుభ్రం చేసి, ఎపాక్సీతో నింపించండి. ఆరాక సాండు పేపరుతో నునుపు చేయించి పెయింటు వేయించవచ్చు. బొటనవేళ్ళు ఆనే చోట అరిగి నునుపెక్కిన భాగం మీ నాన్నగారి చేతి గుర్తు. పగులు లేకపోతే దాన్ని ముట్టుకోవద్దని పనివాడికి గట్టిగా చెప్పండి. తిరిగి బిగించేటప్పుడు కొత్త లాక్ వాషర్ వేయండి. బండిని రోడ్డెక్కించే ముందు స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి.

ప్రశ్న: నా దగ్గర 1985 ప్రీమియర్ పద్మిని ఉంది. అంబాసిడర్ స్టీరింగ్‌కు వాడిన పుల్లర్ దీనికీ పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పద్ధతి అదే, పలక మాత్రం వేరు. హబ్ మెడ కొలత మారుతుంది కాబట్టి రెండు ముక్కల పలక వేరుగా చేయించాలి. అడ్డపట్టీ, పెద్ద బోల్టు అవే వాడుకోవచ్చు. పద్మిని ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చింది కాబట్టి నట్టు మిల్లీమీటర్ల కొలతలో ఉంటుంది. మీ పెట్టెలో ఉన్న సాకెట్లు చాలు. హారన్ బటన్‌ను స్క్రూడ్రైవరుతో పెకలించకండి. తప్పనిసరైతే కొసకు గుడ్డ టేపు చుట్టి, చుట్టూ కొంచెం కొంచెంగా లేపండి. ఆ బటన్లు ఇప్పుడు దొరకడం చాలా కష్టం.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ 1969 షెవర్లే కొన్నాను. దుకాణంలో అద్దెకిచ్చిన స్టీరింగ్ పుల్లర్‌కు గోళ్ళే లేవు, రెండు బోల్టులే ఉన్నాయి. ఇది సరైనదేనా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: సరైనదే. మీ బండికి దీన్ని మించినది లేదు. ఆ కాలపు జనరల్ మోటార్స్ బండ్లలో హబ్ మీదే, నట్టుకు రెండు వైపులా మరలు వేసిన రెండు రంధ్రాలు ఉంటాయి. పుల్లర్ బోల్టులు వాటిలోకి దిగుతాయి. మన అంబాసిడర్ యజమానులు లేత్ షాపులో పలక కోయించుకుని పడే పాట్లు మీకు లేవు. కానీ మీకు వేరే రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, ఆ బోల్టులను అందినంత లోతుకు తిప్పకండి. హబ్ వెనకే ఇండికేటర్‌ను తిరిగి ఆపే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. బోల్టు కొస దానికి తగిలితే విరుగుతుంది. పట్టు దొరికేంత వరకు, ఐదారు చుట్లు దించితే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. మీ బండి స్టీరింగ్ కాలమ్ ఢీకొన్నప్పుడు లోపలికి ముడుచుకుపోయేలా చేసినది. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ళ నుంచి అలాంటి కాలమ్ పెట్టింది. దాన్ని పట్టి ఉంచేవి మెత్తని ప్లాస్టిక్ పిన్నులు. షాఫ్ట్ మీద ఒక్క సుత్తి దెబ్బ పడినా, స్టీరింగ్ మీద ఒళ్ళంతా వాల్చినా అవి తెగిపోవచ్చు. మధ్య బోల్టును చేత్తో తిప్పండి, గాలితో కొట్టే మెషిన్‌తో కాదు.